గ్రిజెల్ టీచరమ్మ హాజరు పట్టీ

హస్కే దీవిలో గాలి లేచిన రాత్రి బడి గంట మోగితే ఎవరూ తలుపు తియ్యరు.

తియ్యకపోగా కిటికీ తెర లాగేసి, పొయ్యి దగ్గరికి ఇంకొంచెం జరిగి కూర్చుంటారు. పిల్లలు "అమ్మా, గంట..." అంటే, "గాలికిలే" అంటారు. గాలికి కాదని ఆ అన్నవాళ్ళకీ తెలుసు, విన్న పిల్లలకీ తెలుసు.

ఆ దీవికి ఓ కొసన రాతి ముక్కు ఒకటి సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. చర్చి, ఊరుమ్మడి హాలు, బడి — మూడూ దాని మీదే, ఒకే వరసలో. ఇళ్ళన్నీ ఇవతల, చిన్న అఖాతం దాటి, అరమైలు దూరంలో. ముప్పై ఒక్క మంది జనం.

ఆ మూడింటి తలుపులూ బయటికి తెరుచుకుంటాయి. గాలి పట్టిందంటే కీళ్ళతో సహా పెరుక్కుపోతుంది. అందుకని ప్రతి తలుపుకీ బయట రెండు ఇనుప కొక్కేలు, వాటిలోకి దిగే అడ్డగడియ ఒకటి. దీవిలో చెట్టన్నది లేదు. విరిగిన ఓడల్లోంచి సముద్రం తెచ్చి పడేసిన దుంగలతో చేసిన గడియలు అవి. మోకాలంత మందం.

గాలి లేచినప్పుడు ఆ దారిన ఎవరు పోతే వాళ్ళే గడియ దించాలి. ఒకరిని అడగక్కర్లేదు, ఒకరికి చెప్పక్కర్లేదు. కిటికీలో దీపం ఉందా — లోపల మనిషి ఉన్నట్టు. దీపం లేదా — గడియ దించు, ఇంటికి పో. పిల్లలకి అక్షరాలకంటే ముందు నేర్పేది ఇదే.

నలభై ఒక్క ఏళ్ళ కిందట ఓ శుక్రవారం సాయంత్రం ఎవరో అలాగే దించారు.

లోపల గ్రిజెల్ టీచరమ్మ ఉంది.

దీపంలో నూనె అయిపోయిందో, తలనొప్పి చేసి తనే ఆర్పుకుని తల వాల్చిందో... ఎవరికి తెలుసు? గాలి మూడు రోజులు ఆగలేదు. ఆ మూడు రోజుల్లో రెండు రోజులు బడి గంట మోగుతూనే ఉంది. గాలికిలే అనుకున్నారు. మూడో రోజు గంట ఆగింది. గాలి తగ్గుతోందనుకున్నారు.

సోమవారం పిల్లలు వెళ్ళి గడియ ఎత్తితే — టీచరమ్మ కుర్చీలో కూచుని ఉంది. కోటు గుండీలు మెడ దాకా పెట్టుకుని ఉంది. రెండు అరచేతుల్లోనూ గంట తాడు కోసిన గాట్లు.

గడియ దించింది ఎవరు? నేనంటూ ఎవరూ ముందుకి రాలేదు. ఎవరూ అడగనూ లేదు. అంత చిన్న ఊళ్ళో ఒకడి పేరు బయటపడితే ఆ ఒకడు ఎక్కడికి పోతాడు? చుట్టూ నీళ్ళేనాయె.

ఆ తర్వాత ఆరేళ్ళు బడి లేదు. ఏ టీచరూ వస్తాననలేదు. ఆ ఆరేళ్ళలో చదువు పోగొట్టుకున్న పిల్లల్లో ఓస్లా ఒకర్తి. బడికి వెళ్ళింది మూడు నెలలు. మళ్ళీ బడి తెరిచేసరికి పదకొండేళ్ళది — గొర్రెలు కాయడానికీ, గడ్డి కొయ్యడానికీ చేతికి అందొచ్చిన పిల్ల. ఇంకెవరు పంపిస్తారు?

అదే ఓస్లా ఇప్పుడు నలభై ఆరేళ్ళ మనిషి. ఆ బడినే తుడుస్తుంది. పిల్లలు ముగ్గురూ, కొత్త టీచరూ రెండున్నరకి వెళ్ళిపోతే, మూడింటికి ఆమె వెళ్తుంది. డిసెంబరులో అక్కడ మూడున్నరకే చీకటి. చీకటి పడ్డాక ఆ గడప తొక్కేది దీవి మొత్తం మీద ఆమె ఒక్కతే. అంచేత బడి గడియ దించేదీ ఆమే.

ఓస్లాకి ధైర్యం ఎక్కువని అనుకునేవారు. దెయ్యాలంటే ఆమెకీ భయమే. కాకపోతే మనుషులంటే ఇంకా భయం. నలుగురున్న చోట నోరు పెగిలేది కాదు. చర్చిలో పాట పాడితే పక్కన నిలబడ్డవాళ్ళకి కూడా వినపడేది కాదు.

ఆ శుక్రవారం పొద్దున ఆమె లీబీ కొట్టుకి కిరసనాయిలు కోసం వెళ్ళింది. లీబీదే కొట్టు, లీబీదే పోస్టాఫీసు. లీబీ నోరు ఊరికి రేడియో.

"ఏమే ఓస్లా, ఇవాళ కూడా బడికేనా? ఆకాశం చూశావా ఎలా ఉందో?"

"తొందరగా వచ్చేస్తాలే, లీబీ అక్కా."

"వచ్చేయ్, వచ్చేయ్. గ్రిజెల్ టీచరమ్మ కనపడితే అడిగానని చెప్పు. పన్నెండో ఎక్కం ఇంకా అప్పచెప్పలేదు, బాకీ ఉన్నాననీ చెప్పు!"

కొట్లో ఉన్న ఇద్దరు ముగ్గురు మగాళ్ళు నవ్వారు. మాన్సీ నవ్వలేదు. మాన్సీ అంటే మాగ్నస్ హాల్‌క్రో, యాభై నాలుగేళ్ళవాడు, చర్చికీ హాలుకీ కావలి. పొగాకు పొట్లం చేతిలోంచి జారితే వంగి తీసుకుని, డబ్బులు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

"వీడొకడు," అంది లీబీ. "టీచరమ్మ పేరెత్తితే చాలు, మొహం అదోలా పెడతాడు. అవునూ, మీ మెర్రన్ ఉత్తరానికి జవాబు రాయించవేమే? గాలి ఆగితే రేపు టపా పడవ ఉంది. చెప్పు, నిమిషంలో రాసి పడేస్తా. ఎప్పుడూ ఉండేదేగా — బాగా చదువుకో, కాళ్ళు తడవనియ్యకు!"

మళ్ళీ నవ్వులు. ఓస్లా మెడ దాకా ఎర్రబడింది.

"తర్వాత... తర్వాత వస్తా," అని సీసా పట్టుకుని బయటపడింది.

మెర్రన్ ఆమె ఒక్కగానొక్క కూతురు. పదమూడేళ్ళది. పై చదువుకి పెద్ద దీవిలో హాస్టల్లో ఉంది. తండ్రి తిమింగలాల వేటకి పోయాడు, ఎండాకాలం దాకా రాడు. ఇంట్లో ఓస్లా ఒక్కతే. ఉత్తరం వస్తే లీబీ చదివేది, కొట్లో ఉన్నవాళ్ళందరూ వినేవారు. జవాబు ఓస్లా చెప్పేది, లీబీ రాసేది, అదీ అందరూ వినేవారు.

ఈసారి వచ్చిన ఉత్తరం మాత్రం ఓస్లా ఎవరికీ చూపించలేదు. రవికెలో పెట్టుకుని తిరుగుతోంది. ఎందుకంటే ఆమెకి చదవడం వచ్చు. కొంచెం వచ్చు. పోయినేడు చలికాలం నుంచీ, తుడవడం అయ్యాక, పిల్లల బల్ల మీద మోకాళ్ళు ముడుచుకుని కూచుని, మొదటి తరగతి పుస్తకం ముందేసుకుని, పలక మీద దిద్దుకుంటోంది. ప్రాణం పోయినా ఈ సంగతి ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే లీబీ ఏమంటుందో ఆమెకి తెలుసు.

నాలుగు రోజులు పట్టింది, ఆ ఉత్తరం కూడబలుక్కోవడానికి.

*అమ్మా, ఇది లీబీ పెద్దమ్మకి చూపించకు. నాకిక్కడ ఊపిరి ఆడటం లేదు. వచ్చెయ్యనా? నువ్వే చెప్పు. ఇంకెవరి చేతా రాయించకు.*

అందుకని ఆ సాయంత్రం ఆమె బడికి వెళ్ళింది.

నేల తుడిచింది. పొయ్యిలో బూడిద తీసేసింది — సోమవారం దాకా మళ్ళీ వెలిగించేది లేదు. తను తెచ్చుకున్న చిన్న దీపం వెలిగించింది. బడి దీపంలో నూనె తగ్గితే టీచరు కనిపెట్టేస్తుందని ఆమె దీపం ఆమే తెచ్చుకునేది. ముందర పలక మీద రాసి చూసుకుని, తర్వాత కాగితం మీదికి దింపుదామని కూచుంది.

*మెర్రన్...* అని రాసింది. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత ఏం రాయాలి? రమ్మనాలా... వద్దనాలా...

బయట గాలి లేచింది. ఆమె వినలేదు.

వినపడింది బూట్ల చప్పుడు.

రాళ్ళ మీద... టక్... టక్... ఆగింది. మళ్ళీ టక్... టక్... బడి వైపే.

ఎవరో వస్తున్నారు! ఎవరైనా తలుపు తీస్తే — పలక, పుస్తకం, పిల్లల బల్లలో ఇరుక్కుని కూచున్న తనూ...

ఓస్లా ఉఫ్ మని దీపం ఆర్పేసింది.

బూట్ల చప్పుడు గుమ్మం దాకా వచ్చింది. చాలాసేపు అక్కడే ఆగిపోయింది. ఎవరో రొప్పుతున్నారు. పరిగెత్తి వచ్చినట్టు కాదు, ఏడ్చి వచ్చినట్టు.

ఆ తర్వాత —

ధన్!

గడియ పడింది.

బూట్లు పరుగు తీశాయి.

ఓస్లాకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక బల్లలోంచి ఒక్క ఉదుటున లేచి, చీకట్లో నాలుగు బల్లలకి కొట్టుకుని తలుపు మీద పడింది.

"ఉన్నాను! నేను... నేను లోపల ఉన్నాను!"

అరిచాననే అనుకుంది. జన్మలో అరిచిన మనిషైతే కదా! ఆ గొంతు తలుపు దాకా పోయి అక్కడే పడిపోయింది. బయట గాలి ఊళ పెడుతోంది.

దీపం లేదా — గడియ దించు, ఇంటికి పో.

దీపం ఆర్పింది ఎవరు? తనే.

ఆమె తలుపుని భుజంతో గుద్దింది. తన్నింది. మోకాలంత దుంగ కదులుతుందా? కిటికీలు చూద్దామంటే — పిల్లలు పాఠం మానేసి సముద్రం వంక చూస్తారని ఎప్పుడో పెద్దలు వాటిని నిలువెత్తు మీద పెట్టించారు. ఇనుప చట్రాలు, అరచేతి వెడల్పు గాజు పలకలు. పలకలు పగలగొట్టచ్చు. పిల్లి కూడా దూరలేదు.

శుక్రవారం. రేపు బడి లేదు, ఎల్లుండి లేదు. ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు లేరు. పొయ్యి చల్లారిపోయి ఉంది. కట్టెలకి బదులు పొయ్యిలో కాల్చే ఎండు మట్టిగడ్డలన్నీ బయట కొట్టంలో. సముద్రం పోటు మీద ఉంది. కెరటం వచ్చి గోడకి కొట్టుకున్నప్పుడల్లా గులకరాళ్ళు కప్పు మీద దొర్లుతున్నాయి.

మూడు రోజులు... ఆవిడా మూడు రోజులే.

ఓస్లా తడుముకుంటూ నల్లబల్ల పక్కకి వెళ్ళింది. అక్కడే వేలాడుతోంది, గంట తాడు.

దాన్ని ముట్టుకోవాలంటే ఆమెకి ఒళ్ళు జలదరించింది. అయినా పట్టుకుంది. కళ్ళు మూసుకుని లాగింది.

టంగ్...

లాగింది. టంగ్... టంగ్... టంగ్...

చేతులు మండేదాకా లాగింది. అప్పుడు బల్ల మీద బల్ల ఎక్కించి, పైకెక్కి, కిటికీలోంచి చూసింది. అఖాతం అవతల ఇళ్ళ దీపాలు కనిపించాయి. లీబీ ఇల్లు, దాని పక్కది, కొండ కింద మాన్సీ ఇల్లు... పదకొండు దీపాలు. వింటున్నారు. తప్పకుండా వింటున్నారు! ఎవరో ఒకరు లాంతరు పట్టుకుని...

చూస్తుండగానే ఒక దీపం మాయమైంది.

తెర లాగేశారు.

ఇంకొకటి. ఆ పక్కది. లీబీది. ఒక్కొక్క కిటికీ కన్ను మూసుకున్నట్టు మూసుకుపోయింది. చివరికి అవతలి గట్టంతా నల్లగా అయిపోయింది.

ఓస్లా బల్ల మీదే కూలబడింది.

ఆమెకి ఇప్పుడు అర్థమైంది. తనైనా అంతేగా. ఇన్నేళ్ళలో గాలి రాత్రుల్లో గంట మోగితే తను మాత్రం ఏం చేసింది? తెర లాగింది. మెర్రన్ చెవులు మూసింది. గాలికిలే అంది.

ఎంత గట్టిగా లాగితే అంత గట్టిగా భయపడతారు. ఎవరూ రారు.

కాసేపటికి చలి కాళ్ళలోంచి పైకెక్కడం మొదలెట్టింది. నిద్ర ముంచుకొస్తోంది. ఆ నిద్ర మంచిది కాదని చలిదేశపు మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. లేచి, అగ్గిపుల్లలు వెతికి, దీపం మళ్ళీ వెలిగించింది. అడుగున చారెడు నూనె ఉంది. పొయ్యిలోకి ఏదైనా దొరుకుతుందేమోనని బీరువా తెరిచింది. పాత కాగితాలున్నా చాలు.

అన్నిటికన్నా అడుగున, తోలు అట్ట వేసిన పెద్ద పుస్తకం. చెమ్మకి అట్ట ఉబ్బిపోయింది. పేజీలు చింపుదామని తెరిచింది.

గీతలు కొట్టిన పేజీ. ఎడం వైపు పేర్లు. పేర్ల పక్కన చిన్న చిన్న గళ్ళు, గళ్ళ నిండా చుక్కలు. గుండ్రటి, నిదానమైన రాత.

హాజరు పట్టీ. గ్రిజెల్ టీచరమ్మది.

ఓస్లా కాగితం మీద వేలు పెట్టి కిందికి జరిపింది. పెద్ద పిల్లలు ముందు, చిన్నవాళ్ళు వెనక. పద్దెనిమిది పేర్లు. ఆఖరి పేరు దగ్గర వేలు ఆగిపోయింది. ఆ పేరు చదవడానికి ఆమె కూడబలుక్కోనక్కర్లేదు. మూడు నెలల చదువులో నేర్చుకున్నది అదొక్కటే.

ఓస్లా లీస్క్.

పుట్టింటి పేరుతో తన పేరు. దాని పక్కన మూడు నెలల చుక్కలు. ఆ తర్వాత గళ్ళన్నీ ఖాళీ.

చింపలేకపోయింది.

నిద్ర రాకుండా ఉండాలంటే ఏదో ఒకటి చెయ్యాలి. బల్ల మీది బల్ల ఎక్కింది. గొంతైనా బయటికి పోతుందని బలపాల డబ్బాతో ఓ గాజు పలక పగలగొట్టింది. గాలి దూసుకొచ్చి మొహాన కొట్టింది. దీపాన్ని శాలువా చాటున పెట్టుకుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, మొదటి పేరు మీద వేలు పెట్టింది.

ఓస్లాకి మనసులో చదువుకోవడం చేతకాదు. అక్షరం నోట్లోంచి బయటికి వస్తేనే అది ఏమిటో ఆమెకి తెలిసేది.

"గి... గిల్... గిల్బర్ట్ ఐస్బిస్టర్."

గాలి ఆ పేరుని లాక్కుపోయింది. ఓస్లా ఇంకొంచెం గట్టిగా చదివింది.

"గిల్బర్ట్ ఐస్బిస్టర్!"

ఎవరూ పలకలేదు. ఎలా పలుకుతాడు, ఎప్పుడో సముద్రంలో పోయాడు. ఆమె తర్వాతి పేరు మీదికి వేలు జరిపింది.

"యా... యానా... యానా సించ్లెర్!"

గోడకి కెరటం కొట్టుకుంది. యానా కెనడాలో ఎక్కడో ఉందంటారు.

"లారెన్స్... లారెన్స్ గారియక్!"

ఈసారి వచ్చిన గొంతు తనదేనా అని ఓస్లాకే అనుమానం వచ్చింది. అంత పెద్దగా ఉంది. అంత స్పష్టంగా ఉంది. పేరుకీ పేరుకీ మధ్య పిల్లవాడు లేచి నిలబడి పలకడానికి సరిపడా ఆగుతోంది. అలా ఆగాలని ఆమెకి ఎవరు చెప్పారు?

నాలుగో పేరు.

"మా... మాగ్... మాగ్నస్..."

దీపం రెపరెపలాడింది.

"మాగ్నస్ హాల్‌క్రో!"

గాలి ఒక్క లిప్త ఆగింది.

"ఉన్నాను, మిస్."

ఆ మాట లోపల్నుంచి కాదు... తలుపు అవతల్నుంచి వచ్చింది. మగ గొంతు. కానీ పలికిన తీరు పదమూడేళ్ళ పిల్లవాడిది.

"ఉన్నాను, మిస్," అంది ఆ గొంతు మళ్ళీ, వణుకుతూ. "ఇక్కడే ఉన్నాను. గంట విని వచ్చాను. అరగంట నుంచీ గోడవారనే ఉన్నాను, గడియ మీద చెయ్యి వెయ్యలేక... నన్ను పిలిచావుగా. నాకు తెలుసు, ఎప్పుడో ఒకప్పుడు పిలుస్తావని."

ఓస్లా చెవి పగిలిన గాజు పలక దగ్గరికి చేర్చింది.

"నేనే దించాను మిస్, ఆ రోజు. మా నాన్న చూసి రమ్మన్నాడు. కిటికీలో దీపం లేదు. దించి పోయాను. రాత్రి గంట మోగింది. నాన్నా, గంట... అన్నాను. గాలికిలేరా అన్నాడు. నాకు తెలుసు గాలికి కాదని. గాలికైతే అలా మోగదు. రెండు రోజులు పక్కలో పడుకుని విన్నాను. లేచి రాలేదు... ఇవాళ మళ్ళీ చీకటిగా ఉంది కిటికీ. ఓస్లా ఒంట్లో బాగాలేక రాలేదనుకున్నాను. ఇన్నేళ్ళకి మళ్ళీ ఆ గడియ ముట్టుకున్నాను. ఇంటికెళ్ళి కూచోగానే గంట... సరిగ్గా అలాగే..."

బయట యాభై నాలుగేళ్ళ మగమనిషి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

ఓస్లా మెల్లగా బల్ల దిగింది. తలుపు దగ్గరికి వచ్చి, చెక్కకి నోరు ఆనించి అంది:

"మాన్సీ... నేను ఓస్లాని."

ఏడుపు ఆగింది.

"కాదు," అన్నాడు మాన్సీ. "ఓస్లాకి చదవడం రాదు."

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకి ఆమె భూమిలోకి కుంగిపోయేది.

"వచ్చు," అంది ఓస్లా. "కొంచెం వచ్చు. ఎవరికీ చెప్పలేదు. నీ బూట్ల చప్పుడు విని దీపం ఆర్పుకుంది నేనే, మాన్సీ. సిగ్గుపడి. నీ తప్పేం లేదు. గడియ తియ్యి... చలికి కాళ్ళు పోతున్నాయి."

అవతల చప్పుడు లేదు. వెళ్ళిపోయాడా? భయపడి మళ్ళీ పారిపోయాడా?

కొక్కెం కిర్రుమంది.

దుంగ పైకి లేచింది. గాలి తలుపుని అతని చేతుల్లోంచి గుంజుకుని గోడకేసి కొట్టింది. గుమ్మంలో మాన్సీ — టోపీ లేదు, మొహమంతా ఉప్పునీళ్ళు, కెరటానివో కళ్ళవో. చేతిలో లాంతరు. ఆ వెలుగు ఆమె మొహం మీదికి ఎత్తి చాలాసేపు చూశాడు. చెయ్యి చాపి ఆమె చెంప ముట్టుకుని చూశాడు.

"వెచ్చగానే ఉన్నావే..." అన్నాడు.

"మరి చచ్చాననుకున్నావా?" అంది ఓస్లా. జన్మలో మొదటిసారి ఒక మగవాడిని దెప్పిపొడిచింది. ఇద్దరికీ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

మెర్రన్‌కి జవాబు ఆ తర్వాతి టపా పడవకి వెళ్ళింది. ఐదే ఐదు మాటలు, వంకరటింకర అక్షరాలు, ఓస్లా చేతి రాతే. లీబీ కవరు అటూ ఇటూ తిప్పి చూసి, మొదటిసారిగా ఏమీ అనలేకపోయింది. *వచ్చెయ్ తల్లీ. తలుపు తీసి ఉంచుతాను.*

అదంతా తర్వాతి సంగతి. ఆ రాత్రి ఇంకా అయిపోలేదు.

మాన్సీ తన కోటు తీసి ఆమె భుజాల మీద కప్పాడు. ఇద్దరూ గాలికి వంగి పది అడుగులు వేశారు. ఓస్లా ఆగింది.

"గడియ..."

"ఉండనీ," అన్నాడు మాన్సీ. "ఊడిపోతే ఊడిపోనీ తలుపు. ఇక దానికి గడియ దించను. ఎవరినీ దించనివ్వను."

అప్పుడే వినపడింది.

వెనకనుంచి. తెరిచి ఉన్న తలుపులోంచి. నూనె అయిపోయి దీపం ఆరిపోయిన ఆ చీకటి గదిలోంచి... నిదానంగా, గుండ్రంగా, ఒక ఆడగొంతు.

"ఎలిజబెత్ మౌట్."

కాసేపు ఆగింది. పిల్ల లేచి నిలబడి పలకడానికి సరిపడా.

"థామస్ లీస్క్."

ఆగింది.

మాన్సీ ఓస్లా చెయ్యి పట్టుకున్నాడు. ఎముకలు విరిగేలా పట్టుకున్నాడు. "గాలి," అన్నాడు. "గాలికి..." మాట పూర్తి చెయ్యలేకపోయాడు.

పేర్లు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. ఐదో పేరు నుంచి. తను ఎక్కడ ఆపిందో అక్కణ్ణుంచి. ఓస్లా తన ఎడం చంక కిందికి చూసుకుంది. చెమ్మకి ఉబ్బిన తోలు అట్ట, మాన్సీ కోటు కింద. హాజరు పట్టీ తన దగ్గరే ఉంది. ఎప్పుడు తీసుకుందో తనకే తెలియదు.

మరి లోపల చదువుతున్నది దేన్ని చూసి?

పదిహేడు పేర్లు అయ్యాయి. ఆ తర్వాత ఆగడం చాలాసేపు సాగింది.

"ఓస్లా లీస్క్."

"పలక్కు," అన్నాడు మాన్సీ ఆమె చెవిలో. "ఓస్లా, నీకు దణ్ణం పెడతాను, పలక్కు. పద... పద పోదాం."

గదిలో ఆ గొంతు ఇంకోసారి పిలవలేదు. ఎదురుచూస్తోంది. నలభై ఒక్క ఏళ్ళుగా ఎదురుచూస్తున్నట్టే ఎదురుచూస్తోంది.

ఓస్లా అతని చెయ్యి విడిపించుకుంది. చీకటి గుమ్మం వైపు తిరిగింది. ఊరందరికీ వినపడేంత గొంతుతో, నిటారుగా నిలబడి అంది:

"ఉన్నాను, మిస్."

గాలి ఆగిపోయింది.

లోపల... ఒక పెద్ద పుస్తకం మూసిన చప్పుడు.